యూన్ పేరున వచ్చే సీసా

దొరలు ఏలే ఈ దీవి రేవు రబౌల్‌లో, మా చీనావాళ్ళ వీధికి నల్లమందు డాక్టరు దొర చేతి మీదుగానే రావాలి. దొర దగ్గర పేరు రాయించుకున్న ముసలివాళ్ళకే ఇస్తాడు. వాళ్ళు ఒక్కొక్కరే పోతున్నకొద్దీ ఓడలో దిగే సరుకు తగ్గాలి. తగ్గిందని ఏటేటా జెనీవాలో కూర్చున్న దేశాల సభకు రాసి పంపాలి. అందుకని కొత్త పేరు చేర్చుకోరు. మా వీధిలో ఎవరైనా గట్టిగా దగ్గితే చాలు, దొర ముఖం వెలిగిపోతుందని నేను ఎగతాళి చేసేదాన్ని.

పడవలు కట్టే యూన్ పేరు దొర దగ్గర ఉంది. అతనితో కలిసి పనిచేసే సోయ్ పేరు లేదు. పేర్లు రాసుకున్నప్పుడు అతను వేరే దీవిలో పడవ కడుతున్నాడు. దూలం మీద పడి నడుం దెబ్బతిన్నప్పటినుంచీ నల్లమందు లేనిదే సోయ్‌కు నిద్ర పట్టదు. యూన్ తన వాటాలో సగం పెట్టేవాడు. మా ఇంట్లోనే ఉండే ఆ ఇద్దరూ ఒకే చాప మీద వాలి, ఒకే గొట్టంతో పీలుస్తూ, నా వంటను ఆడిపోసుకునేవాళ్ళు.

యూన్ జ్వరంతో పోయాడు. శవం ఇంకా ఇంట్లో ఉండగానే మా ఆయన అన్నాడు: "చచ్చింది సోయ్ అని చెబుదాం. దొరకి మనందరిదీ ఒకటే మొహం."

"నేను బతికుండగా నా పేరు పాతిపెడతారా?" అన్నాడు సోయ్, ఏడుస్తూనే.

"పేరు కావాలా అన్నా, నడుం కావాలా?" అన్నాను నేను.

అలా సోయ్ పేరుతో యూన్‌ను పాతిపెట్టాం. సోయ్ యూన్ అయిపోయి మందు సీసా తెచ్చుకోసాగాడు. దొర ఒక్కసారీ తలెత్తి చూడలేదు. సొంత ఊళ్ళో సోయ్‌కు ఎవరూ లేరు కనుక అక్కడ ఏడ్చేవాళ్ళూ లేకపోయారు.

మేం మరిచిపోయింది ఎముకల సంగతి. పరాయి నేలలో పోయినవాణ్ణి కొన్నేళ్ళకు తవ్వి తీసి, ఎముకలు కడిగి, జాడీలో పెట్టి సొంత ఊరికి పంపడం మావాళ్ళ ఆచారం. యూన్ పోయిన కొన్నేళ్ళకు మా వీధి సంఘం పెద్ద లామ్ ఆ జాడీలకు ఓడ కుదిర్చాడు. జాడీ మీద ఏ పేరుంటే ఆ మనిషి ఊరికే పోతుంది. ఆ మనిషి చనిపోయాడని సర్కారు ఆఫీసువాళ్ళు కాగితం ఇస్తేనే ఓడ ఎక్కిస్తారు. ఆఫీసు లెక్కలో చచ్చింది సోయ్, యూన్ బతికే ఉన్నాడు. ఊళ్ళో యూన్ తల్లి కూడా, చూపు పోయినా, ఇంకా బతికే ఉంది.

ఆ రోజు సోయ్ అన్నం ముట్టలేదు. "వాడు నా ఊరికి పోయి ఏం చేస్తాడమ్మా? అక్కడ వాణ్ణి ఎరిగినవాళ్ళు ఎవరు? ముసల్ది కొడుకు తనని మరిచాడని తిట్టుకుంటూ పోతుంది."

"నోరు మూసుకో అన్నా. ఎముకలకి నొప్పి ఉండదు, నీకుంటుంది."

"సగం పెట్టినవాడమ్మా వాడు," అన్నాడు.

మర్నాడు కర్ర ఊతంతో వెళ్ళి దొరకు నిజం చెప్పేశాడు. తోడు వెళ్ళిన మా ఆయన తిరిగొచ్చి తల పట్టుకు కూర్చున్నాడు. దొర కోప్పడలేదట. ముసలివాడు, జైలు వద్దులే అన్నాడట. యూన్ పేరు కొట్టేసి, ఈ ఏడు ఇంకొకరు తగ్గారని సంతోషించాడట. బదులుగా సోయ్ పేరు చేర్చమని మా ఆయన అడిగితే, "కొత్తవాణ్ణి చేర్చుకున్నామని జెనీవాకి ఎలా రాయను?" అన్నాడట.

ఆ ఏటికి యూన్ పేరున తెప్పించిన మందు దొర బీరువాలోనే ఉంది. నేను వెళ్ళి గడపలో కూర్చుని బతిమాలాను. "చచ్చినవాడి మందు ఇంకొకరికి ఇవ్వకూడదు," అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఏవో మాత్రలు పొట్లం కట్టి ఇచ్చాడు. అవి సోయ్ నొప్పికి ఏ మూలకు?

జాడీ ఓడెక్కిన రోజు సోయ్ రేవుకు రాలేకపోయాడు. వాంతులు, చెమటలు, నడుం పట్టుకుని మూలుగులు. జాడీ మీద యూన్ పేరు సరిగ్గా రాశారని నేనే వచ్చి చెప్పాను.

"ముసల్ది గుర్తుపడుతుందా?" అన్నాడు.

"తడిమి చూసుకుంటుంది. తల్లి కదా," అన్నాను. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

వానలు మొదలవకముందే సోయ్ పోయాడు. దొర దగ్గర పేరు లేనివాడు కనుక ఆ చావుతో ఏ లెక్కలోనూ అంకె తగ్గలేదు.

ఏడాది చివర, మిగిలిన మందు సముద్రంలో పారబోయించారు. మా ఆయన్ని పిలిచి సాక్షి సంతకం పెట్టించుకున్నారు. ఎంత పారబోశారో అదీ జెనీవాకి రాశారట. యూన్ సీసాకు అప్పటిదాకా మూత కూడా తీయలేదని మా ఆయన చెప్పాడు.