చిలకను పడనివ్వని స్వరం

ట్యాబుల మీద పత్తి నుసిని పొడిగుడ్డతోనే తుడవాలి. తడిగుడ్డ పెడితే అతుక్కుపోతుంది. చిలకలూరిపేటలో ఈ సంగతి సుభానీ మాస్టారికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆయన సంగీతం చెప్పే ప్రైవేటు స్కూలుకు గోడ అవతలే జిన్నింగు మిల్లు. కిటికీలు మూసినా నుసి ఆగదు. ఇరవై నాలుగు ట్యాబులూ తుడిచి, ఒక్కోదాని పక్కన ఒక ప్లాస్టిక్ వేణువు పెట్టేసరికి మొదటి గంట కొడతారు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, సన్నటి మెడ, ఊది ఊది సాగిన బుగ్గలు. నవ్వితే ఆ బుగ్గలు ఖాళీ సంచుల్లా వేలాడతాయి. నవ్వడం తక్కువ కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు.

ఇవాళ తుడుస్తుంటే రెండుసార్లు చెయ్యి ఆగింది. పొద్దున బయల్దేరుతుంటే తండ్రి అలీ సాహెబ్ మంచం మీంచే చొక్కా పట్టుకున్నాడు.

"సాయంత్రం తోడి రాగం వాయించరా సుభానీ. ఒక్కసారి విని పోతాను."

"పీక బాలేదు నాయనా."

"పీక నా దగ్గరుంది. తడిపి ఉంచుతా. ఇంక సాకులు చెప్పమాక."

అలీ సాహెబ్‌కు ఎనభై ఏడు. చూపు పోయి మూడేళ్లయింది, చెవులు మాత్రం పాము చెవులు. నాదస్వరం కొసన పెట్టే రెల్లు పీకను పెదాల మధ్య నానబెట్టి, మెత్తబడ్డాక కొడుక్కి అందించడం ఆయనకు నలభై ఆరేళ్ల అలవాటు. ఏడాదిగా ఆ అలవాటు తప్పింది. సుభానీ ఒకరోజు జలుబంటాడు, ఒకరోజు పీక బాలేదంటాడు. అసలు కారణం తండ్రికి చెప్పలేదు, భార్య నస్రత్‌కూ చెప్పలేదు. ఇప్పుడు డాక్టరు ముసలాయనకు వారం గడిస్తే గొప్ప అన్నాడు.

మూడు తరాలుగా రామాలయంలో మేలుకొలుపు వాయించిన ఇల్లు అది. గుడికి కరెంటు మేళం వచ్చింది, పెళ్లిళ్లకు డీజే వచ్చింది. కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు గాని సుభానీ దగ్గరున్నది ఒక్కటే విద్య. దాన్ని పట్టుకుని స్కూల్లో చేరాడు. చేరిన ఏడాదికే ప్రిన్సిపాల్ జ్యోతిర్మయి గారు ట్యాబుల్లోకి ఒక ఆట తెప్పించారు. తెర మీద పచ్చ చిలక ఒకటి ఎగురుతుంది. వేణువు ఊదితే స్వరాన్ని బట్టి లేస్తుంది, దిగుతుంది. స్వరం గీత మీద నిలిస్తే వలయాల్లోంచి దూసుకుపోతుంది, చుక్కలు రాలతాయి. స్వరం కాస్త ఊగిందా, వలయానికి కొట్టుకుని కింద పడుతుంది. పిల్లలకు ఆ చిలకంటే పిచ్చి. ఆరు నెలల పాఠం ఆరు వారాల్లో వచ్చేస్తోంది. ఆ మాట సుభానీ కూడా కాదనడు.

మాస్టర్లు కూడా ఆటలో అన్ని మెట్లూ దాటాలని రూలు పెట్టారు. తొలిరోజు సుభానీ ఊదితే చిలక మూడు క్షణాల్లో పడింది. పిల్లలు గొల్లుమన్నారు. తాతకు దగ్గులు నేర్పినట్టు తెర మీద అక్షరాలు వచ్చాయి: 'స్థిరంగా ఊదడం నేర్చుకోండి.' ఉద్యోగం పోతే ఇంకో చోట లేదు. నేర్చుకున్నాడు. రోజూ గంటసేపు వేళ్లను అదుపులో పెట్టి, ఊపిరిని అదుపులో పెట్టి, నాలుగు నెలల్లో అన్ని మెట్లూ దాటాడు. "మీ వయసులో ఇంత పట్టుదలా మాస్టారూ!" అని జ్యోతిర్మయి గారు శాలువా కప్పారు. మనస్ఫూర్తిగానే కప్పారు. ఆ వారమే ఇంట్లో ఎవరూ లేనప్పుడు నాదస్వరం తీసి తోడి అందుకుంటే, ఊగవలసిన గాంధారం నిటారుగా నిలబడింది. ఊపబోతే వేలు కొయ్యబారింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, అదే జరిగింది. నాదస్వరాన్ని సంచిలో పెట్టి మూతి కట్టేశాడు.

నాలుగో పీరియడులో ధనశ్రీ చిలక పడిపోయింది. ఏడో తరగతిలో అందరికంటే ఎక్కువ చుక్కలు ఆ పిల్లవే.

"ఏమైందమ్మా?"

"నేనే కావాలని ఊపాను సార్. ఇట్టా అంటే బాగుంది, వినండి."

మళ్లీ ఊదింది. వేలు సగం జరిపి స్వరాన్ని కిందినుంచి మెల్లగా లాగింది. ఎవరూ నేర్పలేదు. పన్నెండో ఏట సుభానీ సరిగ్గా ఇలాగే లాగితే నాయన కళ్లు మూసుకుని "ఇదిరా!" అన్నాడు.

"బాగుంది కదా సార్?"

శనివారం తల్లిదండ్రుల ముందు ప్రదర్శన. ఒక్క చిలక కూడా పడకూడదని ప్రిన్సిపాల్ గారు గట్టిగా చెప్పారు.

"ఊపమాకమ్మా," అన్నాడు సుభానీ. "నిలువుగా పట్టు."

ధనశ్రీ నిలువుగా పట్టింది. చిలక ఎగిరింది. సుభానీకి ఏడుపొచ్చింది. పిల్లల ముందు ఏడవలేక, తుడిచిన ట్యాబునే మళ్లీ తుడిచాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి నస్రత్ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"మామకి మధ్యాన్నం నుంచి ఒళ్లు కాలిపోతంది. నన్నే గుర్తుపట్టక నర్సమ్మా అంటన్నాడు. పీక మాత్రం నోట్లోంచి తియ్యట్లా. సుభానీ వచ్చాడా అని ఒకటే అడగటం."

సుభానీ సంచి మూతి విప్పాడు. ముందు ఒకసారి చూసుకుందామని లోపలికి పోకుండా, సంచిలో ఉన్న పాత పీకే తడిపి పెట్టుకుని వసారాలో నిలబడ్డాడు. ధనశ్రీ వేలిని గుర్తు తెచ్చుకున్నాడు. గాంధారం అందుకున్నాడు. గీత గీసినట్టు వచ్చింది. చిలకైతే మూడు వలయాలు దాటిపోయేది.

"ఎవరమ్మా ఆ వాయించేది?" లోపల్నుంచి నాయన గొంతు.

సుభానీ వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. "నేనే నాయనా."

"నేనే అంటే ఎవరు బాబూ? శుద్ధంగా ఉంది, అపస్వరం లేదు. బళ్లో నేర్చుకున్నావా?"

"నేను సుభానీని నాయనా."

ముసలాయన మర్యాదగా నవ్వాడు. "కాదులే బాబూ. మావాడి గాంధారం నాకు తెలవదా? ఉయ్యాల ఊగినట్టు ఊగుద్ది. వాడొస్తే లేపండి, పీక ఇవ్వాలి." నోట్లోంచి పీక తీసి పిడికిట్లో పెట్టుకుని గోడవైపు తిరిగాడు.

సుభానీ మళ్లీ వాయించాడు. ఏడుస్తూ వాయించాడు. నలభై ఆరేళ్లు ఊగిన వేలు ఆ ఒక్క పూట ఊగితే చాలనుకున్నాడు. ఊగలేదు. స్వరం నిటారుగా పోయి గోడకు కొట్టుకుంది. నస్రత్ టీ గ్లాసుతో వచ్చి, మామ భుజం మీద చెయ్యి వేసి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఆమె చెప్పకముందే సుభానీ ఊదడం ఆపేశాడు.

నాయన చేతిని దగ్గరికి తీసుకుని ఒక్కో వేలూ విప్పాడు. అరచేతిలో రెల్లు పీక. కొస ఇంకా తడిగానే ఉంది.