డొమైన్ బయట పడిన పెట్టె

స్కాన్ సెంటర్‌లో రోగుల బొమ్మలన్నీ దాచే సర్వర్ పెట్టెను, అక్కడి కంప్యూటర్లు చూసుకునే అమ్మాయి ఉదయం పదింటికి డొమైన్‌లోంచి తీసేసింది. డొమైన్ అంటే అక్కడి మనుషులందరి, యంత్రాలన్నిటి పేర్లూ ఉన్న పట్టీ; అందులో ఉన్నవాళ్లకే లోపలికి దారి. పెట్టె గడియారం మళ్లీ తప్పడంతో డొమైన్ దాన్ని నమ్మడం మానేసింది. తీసి మళ్లీ చేర్చడం ఐదు నిమిషాల పని. తీసేశాకే తెలిసింది, ఆమె ఖాతా కూడా ఆ పట్టీలోదే. బయటికొచ్చిన పెట్టె ఆమె ఎవరో తెలియదంది. డాక్టర్లెవరో కూడా తెలియదంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అనే మాటను ఆమె అంతవరకూ సామెతగానే విన్నది.

పట్టీతో పనిలేకుండా పెట్టెకు సొంత అడ్మిన్ ఖాతా ఒకటుంది. దాని పాస్‌వర్డ్ తెలిసింది మాస్టారికే. ఆమెకు ఈ పని నేర్పి, పోయిన నెల రిటైరైన పెద్దాయన. చివరి రోజు ఆయన అందరికీ వీడ్కోలు ఉత్తరం టైపు చేస్తుంటే, నిబంధన పేరు చెప్పి మూడింటికే ఆమె ఆయన ఖాతా ఆపేసింది. ఉత్తరం సగంలో పోయింది. ఆయన టీ తాగకుండా వెళ్లిపోయారు.

ఫోన్లో అడగడం మర్యాద కాదనిపించి ఆయన ఇంటికే వెళ్లింది. మాస్టారు వరండాలో టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నారు. జరిగింది వింటూ మరలన్నీ డబ్బాలో వేశారు.

“తీసేముందు పెట్టె సొంత ఖాతాతో లోపలికి వెళ్లి చూశావా?”

“లేదు మాస్టారూ.”

“మరి నేను నేర్పిందేంటి?”

“అదే.”

“పాస్‌వర్డ్ కవర్లో పెట్టి, సీలేసి, మేనేజరు చేతికిచ్చాను. సంతకం కూడా తీసుకున్నాను. ఆయన్నడుగు.”

ఆమె గుమ్మం దాకా వెళ్లి ఆగింది. “ఆ రోజు తొందరపడ్డాను మాస్టారూ. నిబంధనలో సాయంత్రం అనే ఉంది. మూడు అన్నది నేనే.”

“తెలుసమ్మాయ్. ఆ నిబంధన రాసింది నేనే,” అన్నారాయన, స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కుంటూ. “వెళ్లు, అక్కడ జనం కూర్చునుంటారు.”

మేనేజరు సొరుగు లాగి, బీపీ మాత్రల కిందనుంచి కవరు తీశాడు.

“నన్నెవరూ అడగలేదే?” అన్నాడు.

నిజమే, ఎవరూ అడగలేదు.

లోపల పాస్‌వర్డ్ కింద మాస్టారి గుండ్రటి అక్షరాలు: ‘ముందు గడియారం సరిచెయ్. తర్వాత డొమైన్‌లో చేర్చు. అడ్మిన్ గుంపులో నీ పేరు మళ్లీ రాసుకో. నువ్వు మర్చిపోతావు.’

ఆమె వరుస తప్పకుండా చేసింది. మూడోది మర్చిపోబోయింది. పన్నెండున్నరకి ఒక ముసలావిడ మోకాలి బొమ్మ డాక్టరు తెరమీదికి వచ్చింది. ఇంతసేపు ఏమైందని డాక్టరు అడిగితే “టైము సరిగ్గా లేదండీ” అంది. ఆయన తలూపాడు.

తర్వాత పాస్‌వర్డ్ మార్చి, కొత్త కవరు మేనేజరుకిచ్చి, అదెక్కడుంటుందో ఎక్స్‌రే తీసే అక్కకు చూపించింది.

“నాకెందుకమ్మా ఇదంతా?”

“రేపు నేను లేకపోతే ఎవరో ఒకరు అడగాలి కదక్కా.”

“ఎక్కడికెళ్తున్నావేంటి?”

“ఎక్కడికీ లేదు. భోజనానికి.”