ముంజేతి మీద పేరు

పేరు ఎవరిదైనా చెయ్యి తనదే కదా అనుకున్నాడు దేవేంద్ర. తంటా అంతా అక్కడే వచ్చింది. పుంగనూరు బస్టాండు పక్కన కొత్తగా పెట్టిన టాటూ అంగట్లో మూడు గంటలు కూర్చుని, కుడి ముంజేయి లోపలి వైపు, మోచేతి మడత నుంచి మణికట్టు దాకా ‘తేజస్విని’ అని రాయించుకున్నాడు. పేరు మీద ఒక కిరీటం, చివర ఒక గుండె బొమ్మ. ఆ తేజస్వినిని మాత్రం ఒక్క మాట అడగలేదు.

తేజస్వినికి ఆ సంగతి ఊరందరితో పాటే తెలిసింది, అతని వాట్సాప్ స్టేటస్ చూసి. మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె నర్సు. మధ్యాహ్నం డబ్బా తెరిచి అన్నం కలుపుకుంటూ ఫోను చూస్తే, ఎర్రగా ఉబ్బిన చెయ్యి, దాని మీద తన పేరు. కింద ‘నా ప్రాణం’ అని రాసి ఉంది. కలిపిన ముద్ద కలిపినట్టే డబ్బాలో ఉండిపోయింది. సిగ్గుపడి కాదు, ఒళ్లు మండి.

దేవేంద్ర ఆమెకు సొంత మేనమామ కొడుకు. ఆమె ఉయ్యాలలో ఉన్నప్పుడే పెద్దవాళ్లు మాట అనుకున్నారట. కుప్పంలో నర్సింగు చదివే రోజుల్లోనే ఆమె ఆ సంబంధం వద్దని చెప్పింది. ఉద్యోగంలో చేరాక మళ్లీ చెప్పింది. పోయిన ఉగాదికి మామ మునిస్వామి ఎదుట కూర్చుని మూడోసారి చెప్పింది. బావ చెడ్డవాడని కాదు, అతన్ని చేసుకోవాలని తనకు లేదు, అంతే. ఆ ‘అంతే’ ఆ ఇంట్లో ఒక్కరి చెవికీ ఎక్కలేదు. ఆడపిల్ల వద్దంటే, ఇంకా మనసు కుదుటపడలేదులే అని సర్దుకునే మనుషులు వాళ్లు.

ఆ సాయంత్రమే అత్త రత్నమ్మ ఫోను చేసింది. వాడి ఒంటి మీద నీ పేరు పడిపోయింది, ఇంక వాడికి పిల్లనెవరిస్తారు అంది. బిడ్డ ఎంత నొప్పి ఓర్చుకున్నాడో నీకేం తెలుసు అంది. మణికట్టు దగ్గర సూది దిగేటప్పుడు కళ్లలో నీళ్లు తిరిగినా లేవలేదట. మొదటిసారి కదా, భుజం మీద వేయించుకో, అక్కడ కండ ఉంటుంది, నొప్పి తక్కువ అని అంగడివాడు చెప్పినా వినలేదట. చొక్కా కింద దాగిపోతే ఎవరికి తెలుస్తుందన్నాడట.

అదీ అసలు సంగతి. అందరికీ తెలియాలి. బండి హ్యాండిలు పట్టుకుంటే కనబడాలి, టీ గ్లాసు ఎత్తితే కనబడాలి. ప్రేమే అయితే ఆమెతో చెప్పుకునేవాడు, ఆమె వద్దంటే విని ఊరుకునేవాడు. ఇది ఊరికి వేసిన దండోరా. మూడుసార్లు నోటితో వద్దన్న మాట మూడు గంటల సూదిపోటుతో కొట్టేశాడు. అతని నొప్పికి కూలి తను ఇవ్వాలా అని తేజస్విని అత్తను అడిగేసింది కూడా. చదువుకున్న పిల్లకు నోరెక్కువని చెప్పి అత్త ఫోను పెట్టేసింది.

రామసముద్రం దగ్గర పల్లెలో ఉన్న తల్లి చెంగమ్మ కూడా అదే పాట పాడింది. పేరు పడినాక ఇంకేం చేస్తామమ్మా అని నీళ్లు నమిలింది. చెంగమ్మ కుడి చేతి మీద కూడా ఒక పచ్చబొట్టు ఉంది, ‘రామచంద్ర’ అని. చెంగమ్మ మొగుడి పేరు, తేజస్విని తండ్రి పేరు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ అక్షరాలు పాతబడి పాచిరంగుకు తిరిగాయి. ఎప్పుడు పొడిపించుకున్నావమ్మా అని చిన్నప్పుడు అడిగితే, చిన్నప్పుడే అని కొంగు కప్పుకునేది. అదొక ముచ్చట అనుకుంది తేజస్విని ఇన్నేళ్లూ.

అంగడివాడు పాపం అన్నీ చెప్పే పంపాడు. పైన అంటించిన ప్లాస్టిక్ పొర మూడు రోజులు తీయొద్దు, ఆ తర్వాత సబ్బునీళ్లతో మెల్లగా కడిగి తాను ఇచ్చిన మందు పలచగా రాయి, గీరొద్దు, రెండు వారాలు ఎండా దుమ్మూ తగలనీయొద్దు అని. దేవేంద్ర తలాడించి ఇంటికొచ్చాడు. ఇంట్లో రత్నమ్మ ఉంది. పచ్చబొట్టుకు ఆమె ఎరిగిన వైద్యం ఒక్కటే, వాళ్లమ్మ ఆమెకు చేసిందే. పసుపు రుద్దితే రంగు ముదురుతుందని నమ్మకం. ఆ రాత్రే పొర పీకేసి, కొట్టు పసుపు ఆముదంలో కలిపి పచ్చిపుండు మీద దట్టంగా పట్టించి, పాత చీర చింపి కట్టింది. తెల్లారి ఆ కట్టుతోనే దేవేంద్ర తను పనిచేసే మండీలో టమోటా క్రేట్లు మోశాడు. మధ్యమధ్యలో కట్టు విప్పి తోటివాళ్లకు పేరు చూపించాడు.

ఆరో రోజుకు చెయ్యి వేళ్ల దాకా వాచి, ఒళ్లు కాలిపోతుంటే, మదనపల్లెకు తీసుకొచ్చారు. ఊళ్లో ఇన్ని ఆసుపత్రులు ఉండగా, తేజస్విని పనిచేసే వార్డుకే తెచ్చి పడుకోబెట్టారు.

డాక్టరు పురుషోత్తం చెయ్యి చూసి ముందు రత్నమ్మను నాలుగు చీవాట్లు పెట్టాడు. తర్వాత ‘స్వి’కీ ‘ని’కీ మధ్య చిన్న గాటు పెట్టి చీము తీశాడు. నాలుగైదు రోజులు సెలైను, ఇంజెక్షన్లు, పూటకోసారి కడిగి కట్టు మార్చాలన్నాడు. అశ్రద్ధ చేస్తే తోలు ఊడిపోతుంది, పేరూ గీరూ ఏమీ మిగలదని రత్నమ్మ ఎదుటే చెప్పాడు.

వార్డు పెద్ద నర్సు నాజియాకు కథంతా తెలుసు. ఆ మంచం నేను చూసుకుంటాలే, నువ్వు ఆడవాళ్ల వార్డుకు పో అంది. తేజస్విని పోనంది. తను తప్పుకుంటే సిగ్గుపడిందంటారు. చెయ్యి పాడైతే శాపం పెట్టిందంటారు. ఎటు తిరిగినా వాళ్ల నోటికి అడ్డు లేదు. అట్లాంటప్పుడు తన పని తను చేసుకోవడమే మేలనుకుంది.

మొదటి పూట కట్టు విప్పుతుంటే పసుపు, చీము కలిసిన వాసన ముక్కు బద్దలు చేసింది. సెలైను నీళ్లు పోసి, దూదితో ఒక్కొక్క అక్షరం తుడిచింది. తన పేరు తనే కడుగుతోంది. ‘మెల్లగా తేజా’ అని మూలిగాడు దేవేంద్ర. ఆమె మెల్లగానే చేస్తోంది, అదే ఆమెకు కోపం. ఒక్క పూట కట్టు ఆలస్యం చేస్తే చాలు, రెండు పూటలు పైపైన తుడిస్తే చాలు, ఈ పేరు దానంతటదే కుళ్లి ఊడిపోతుంది. ఆ ఆలోచన నిజంగానే వచ్చింది ఆమెకు. వచ్చినందుకు తన మీద అసహ్యం వేసింది. రోగి పుండు చూసి ఇట్లాంటి లెక్కలు వేసే గతి తనకు పట్టించినందుకు వాళ్ల మీద ఇంకా మండింది. చేతి తొడుగులు మార్చుకుని గాటు లోపల మరోసారి కడిగింది.

రెండో రోజు ఆమె వంగి కట్టు కడుతుంటే అతను ఎడమ చేత్తో ఫోటో తీశాడు. గంటలో అది స్టేటస్‌కు ఎక్కింది. తీసేయమని చెబితే నవ్వుతూ తీసేశాడు. అప్పటికే మామ ఇంటి నుంచి రామసముద్రం దాకా అందరూ చూసేశారు.

ఐదో రోజుకు వాపు పూర్తిగా దిగింది. గాటు పూడుకొస్తోంది. తోలు నిలిచింది, తోలుతో పాటు పేరూ నిలిచింది. గుండె బొమ్మ కాస్త చెదిరింది గానీ నాలుగు అక్షరాలూ పొల్లు పోకుండా ఉన్నాయి. డాక్టరు చూసి, ఎవరమ్మా కట్టు కట్టింది, భేష్ అన్నాడు.

డిశ్చార్జి రోజు పొద్దున రత్నమ్మ, మునిస్వామి వచ్చారు. వెంట చెంగమ్మను కూడా పిలుచుకొచ్చారు. రత్నమ్మ సంచిలోంచి పూలు, అరటిపండ్లు, తమలపాకులు తీసి మంచం మీద పరిచింది. తేజస్విని ఆఖరి కట్టు సామాను ట్రేలో పెట్టుకుని వచ్చేసరికి అదంతా సర్ది ఉంది.

“సూస్తివా వదినా,” అంది రత్నమ్మ చెంగమ్మతో, వార్డంతా వినేట్టు. “ఊడిపోతాదన్న పేరును మన తేజ సేతులారా నిలబెట్టుకునింది. ఇష్టం లేని పిల్ల ఇంత సేస్తాదా. నోటితో సెప్పలేక సేత్తో సెప్పినాది. కార్తీకంలో పెట్టుకుందాం.”

తేజస్విని ట్రే దించింది. ఐదు రోజుల పని, పూటపూటా వంగి నడుము పడిపోయేట్టు చేసిన పని, ఒక్క మాటతో తాంబూలం అయిపోయింది. నిర్లక్ష్యం చేసి ఉంటే పాపిష్టిది అయ్యేది, శ్రద్ధగా చేస్తే పెళ్లికూతురైంది. పూలు, పండ్లు, ఆకులు ఎత్తి సంచిలో వేసి సంచి అత్త చేతికిచ్చింది.

“అత్తా, పదకొండో మంచం మీద ముసలాయనకు గూడా ఇట్లనే కట్టు కట్టినా. ఆయన కాలు గూడా నిలిచినాది. ఆయన్ని గూడా సేసుకోమంటావా,” అంది.

పక్క మంచాల వాళ్లు ఇటు తిరిగారు. రత్నమ్మ మొహం మాడిపోయింది. దేవేంద్ర లేచి కూర్చున్నాడు. ఇంత నొప్పి పడినాను తేజా నీకోసం, అన్నాడు. గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆ బాధ చూసే ఇన్నాళ్లూ అందరూ కరిగారు.

“నాకోసం కాదు బావా. నేను వద్దన్న మాట వినలేక పడినావు,” అంది తేజస్విని. “నొప్పి నీది. నన్ను అడగలేదు, నాకు పంచబాకు.”

రత్నమ్మ చెంగమ్మ వైపు తిరిగి, నీ కూతురికి నువ్వే చెప్పు, పేరు పడినాక ఆడది ఎట్లా ఉండాలో నీకు తెలియదా, నీ చేతి మీద లేదా అంది. మునిస్వామి కూడా చెప్పమ్మా అన్నాడు చెల్లెలితో. చెంగమ్మ తన అన్న మాటను ఎప్పుడూ జవదాటి ఎరుగదు. తల్లి ఏం చెబుతుందో తేజస్వినికి తెలుసు. ఆ మాట వినక ముందే పళ్లు బిగించింది.

చెంగమ్మ కొంగు తీసి చెయ్యి బయట పెట్టింది. తల మాత్రం ఎత్తలేదు.

“నాకప్పుడు పదకొండేండ్లు,” అంది. “పుంగనూరు తిరునాళ్లలో జిలేబీ కొనిస్తామని పిల్సుకపోయినారు. పచ్చబొట్లు పొడిసే ఆమె ముందర కూసోబెట్టినారు. ఏడ్సి లేసిపోతాంటే నలుగురు పట్టుకున్నారు. కాళ్లు పట్టుకున్నది ఎవురో నీకు గుర్తుండాదా అన్నా.”

మునిస్వామి అరికాలు కింద ఏదో అంటుకున్నట్టు నేల వైపు చూశాడు.

“ఇన్నేండ్లూ ఎవురికీ సెప్పలేదు. కట్టుకున్న ఆయప్ప మంచోడే, ఆయప్ప పోయినాక ఏల తవ్వుకునేదని. ఈ పొద్దు నా బిడ్డను పట్టుకునేదానికి నన్ను పిల్సుకొచ్చినారు. నేను పట్టుకోను వదినా.” కొంగు మళ్లీ కప్పుకుంది చెంగమ్మ.

తేజస్వినికి ఏడుపు రావాల్సింది, రాలేదు. కోపమే వచ్చింది, తల్లి మీద కూడా వచ్చింది. ఈ మాట ఉగాదినాడు చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదా. ఆ చెయ్యి పక్కనే పడుకుని పెరిగింది తను, ఆ అక్షరాలు వేలితో దిద్దుకుని ‘రా’ నేర్చుకుంది. పదకొండేళ్ల పిల్ల ఏడుపు మీద తను అక్షరాలు దిద్దింది, ఒక్కరూ చెప్పలేదు.

కుర్చీ లాగి తల్లిని కూర్చోబెట్టింది. తర్వాత ట్రే తీసుకుని మంచం దగ్గరికి వచ్చింది. దేవేంద్ర చెయ్యి తనంతట తానే చాపాడు. ఆ మొహంలో పోజు పోయింది, భయపడ్డ మనిషి మొహం మిగిలింది. ఆమె ఎప్పటిలాగే మెల్లగా కడిగింది, తడి అద్దింది, మందు రాసింది, గాజుగుడ్డ చుట్టింది. ఒక్కొక్క అక్షరం గుడ్డ కిందికి పోయింది. టేపు అంటించి, ప్రతి రోగికీ చెప్పినట్టే చెప్పడం మొదలుపెట్టింది.

“పూటకొక మాత్ర, అన్నం తిన్నాక. కట్టు తడవనీయబాకు. పసుపు వద్దు, ఆముదం వద్దు. గీరబాకు. రెండు వారాలు క్రేట్లు మొయ్యబాకు. బాగా మానినాక, కావాలంటే బెంగుళూరులో లేజరుతో తీస్తారంట. వేయించుకునేదానికన్నా నొప్పి ఎక్కువంట. అది గూడా నీ ఇష్టమే, నాకు సెప్పే పని లేదు.”

దేవేంద్ర తల ఊపాడు. ఊరోళ్లు అడుగుతారు తేజా, ఏమని చెప్పేది అన్నాడు చిన్నగా.

ఆమె వాడిన దూది పసుపు బకెట్లో పడేసి, చేతి తొడుగులు ఒకదాని తర్వాత ఒకటి లాగేసింది.

“అడగకుండా రాయించుకున్న పేరు అని సెప్పు,” అంది.