రూబీ పెళ్లి, మోషే ఫోల్డరు

పంకా చప్పుడేమో అనుకుంది కృపారాణి, కానీ పంకా ఆపే ఉంది, టిక్కు టిక్కుమంటున్నది పాత హార్డు డిస్కే, భర్త మోషే తీసిన పెళ్లిళ్ల వీడియోలన్నీ దాని కడుపులోనే ఉన్నాయి, అతను పోయాక ఈ తెనాలి స్టూడియోని ఎవరికీ అమ్మకుండా తనే నడుపుకొస్తోంది, బల్ల మీద కొత్త స్టోరేజి పెట్టె నీలం లైటు వెలిగించుకుని కూర్చుంది, వరసకు తమ్ముడు డేనియల్ బాపట్ల నుంచి పొద్దున్నే తెచ్చి రూటరుకు వైరు తగిలించి, ఇందులో రెండు డిస్కులుంటాయక్కా, ఒకటి పోయినా రెండోదాంట్లో అంతా ఉంటుంది, ఇక నీకు భయం లేదు అన్నాడు, అన్నవాడే పాత డిస్కుకు చెవి ఆనించి మొహం మార్చుకున్నాడు, ఇది ఎంతోసేపు ఉండేలా లేదు, ముందు ఏది కావాలో అది ఎక్కించు, మిగతాది దేవుడి దయ.

ముందు ఏది కావాలి, ఏంటీ ప్రశ్న, తెర మీద బాణం మోషే ఫోల్డరు మీదే నిలబడింది, కొత్త కెమెరా కొన్నప్పుడల్లా పరీక్షకని అతను తనవైపే తిప్పుకుని తీసుకున్న వీడియో ముక్కలు, దుగ్గిరాల పసుపు యార్డులో, కాలవ గట్టు మీద, ఇంట్లో చొక్కా లేకుండా, ఛీ ఆపు అని కృపారాణి చెయ్యి అడ్డుపెట్టినవి, దాని కిందే రూబీ పెళ్లి, రేపల్లె ఏసమ్మ పిన్ని కూతురు, బాపట్ల లూథరన్ గుళ్లో తెల్ల చీర కట్టుకుని నవ్వుతూ నడిచిన పిల్ల, ఏడాది తిరక్కుండా జ్వరమొచ్చి పోయింది, వాళ్ల దగ్గరున్న డీవీడీ గీతలు పడి ఆగిపోతోందని పిన్ని మొన్న ఫోను చేసింది, అమ్మాయ్, మీ దగ్గర ఉంటుందిగా, దాని నడక మరిచిపోతున్నానమ్మా, మొహం ఫోటోలో ఉంది, నడక ఫోటోలో ఉండదుగా, ఉందండి పిన్నీ, ఉంది అనేసింది కృపారాణి, చూడకుండానే.

బాణం కిందికి జరిగింది, తను జరిపిందో చెయ్యే జరిపిందో, రూబీ పెళ్లి కొత్త పెట్టెలోకి వెళ్లడం మొదలైంది, ఆకుపచ్చ గీత పాకుతూ, ఆగుతూ, మళ్లీ పాకుతూ, అక్కా, ముందు బావ ఫోల్డరు పెట్టలేదేంటి అని డేనియల్, ఊరుకోరా అని తను, గీత నిండింది, ఆడించి చూసింది, పిల్ల నడుస్తోంది, కుడికాలు కాస్త విసురుగా వేస్తూ, వెంటనే మోషే ఫోల్డరు పెట్టింది, సగం కూడా కాలేదు, డిస్కు ఒకసారి కీచుమని, అంతటితో సరి, డేనియల్ వైరు తీసి పెట్టాడు, తిప్పి పెట్టాడు, ఇక పలకలేదు.

ఏడుపొస్తుందేమోనని కూర్చుంది, రాలేదు, పిన్నికి ఫోను చేసింది, దొరికిందండి, నడుస్తోంది మీ అమ్మాయి, అవతల పిన్ని, ఇప్పుడే రైలెక్కుతానమ్మా, మీ దగ్గరే కూర్చుని చూస్తాను, గట్టిగా ఏడ్చేస్తానేమో, ఏమీ అనుకోకు, ఫోను పెట్టేశాక డేనియల్ మెల్లగా, బావవి కొన్ని వచ్చాయక్కా, ఏవేవి పోయాయో చెబితే ఎవరిచేతైనా తీయించడానికి చూద్దాం అన్నాడు, ఏవేవి, ఎలా తెలుస్తుంది, మోషే పోయినప్పటి నుంచి చెడిపోయే డిస్కులోంచి ఇంకో డిస్కులోకి మార్చుకుంటూ వచ్చిందే గానీ ఆ ఫోల్డరు ఒక్కసారీ తెరవలేదు, పిన్ని ఏడుస్తానని తెలిసీ రైలెక్కుతోంది, తనేమో ఏడవాల్సి వస్తుందనే ఇన్నాళ్లూ భద్రం భద్రమంటూ మోసింది, అతను పోతాడన్న భయం కన్నా కనిపిస్తాడన్న భయమే తనకు పెద్దది, అవును, అంతే, కృపారాణి కుర్చీ దగ్గరికి లాక్కుని, మిగిలిన వాటిలో మొదటిది తెరిచింది.