వైజాగ్ దాకా కారెవరు నడుపుతారు?

ఉదయలక్ష్మి ఆ అబద్ధం కావాలని ఆడలేదు. సరూర్‌నగర్ చెరువు పక్కనున్న పార్కులో పొద్దుటి నడక ముగించి, ముగ్గురూ సిమెంటు బెంచీ మీద చేరగిలబడి నీళ్ళు తాగుతుండగా నోరు జారింది.

ఆమెకు యాభై ఒకటి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుంది. పుట్టి పెరిగింది కాకినాడ దగ్గరైనా, పెళ్ళయినప్పటి నుంచి ఇక్కడే. పక్కన కూర్చున్న స్వరూపరాణిది తుర్కయంజాల్. చెరువు దగ్గర్లోనే జాకెట్లు కుట్టే షాపుంది. మూడో మనిషి మృదుల, కొత్తపేటలో ఫిజియోథెరపిస్టు, ముగ్గురిలోకీ చిన్నది. మూడేళ్ళుగా రోజూ నాలుగు రౌండ్లు కలిసి తిరగడంతో పెరిగిన స్నేహం వాళ్ళది.

"నేనింతవరకు సముద్రం చూడలే," అంది స్వరూప ఆ రోజు, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా.

మృదుల బెంచీ మీద నుంచి లేచి నిలబడింది. "నలభై ఆరేళ్ళొచ్చినా చూడలేదా? అయితే పోదాం! మేలో ఉదయక్కకు సెలవులు. నేను వారం లీవ్ పెడతా. రైలొద్దు, కార్ల పోదాం. మనకు నచ్చిన కాడ ఆగొచ్చు. ఉదయక్కకు కారున్నది కదా. కానీ నడిపేదెవరు? డ్రైవర్ని పెట్టుకుంటే మనసు విప్పి మాట్లాడుకోలేం."

"నేను నడుపుతాను," అంది ఉదయలక్ష్మి.

లైసెన్సు ఉన్న మాట నిజమే. కానీ కారు నడిపి నాలుగేళ్ళయింది. అప్పట్లో ఒకసారి అపార్టుమెంటు సెల్లార్లో కారు స్తంభానికి గీసుకుపోయింది. దెబ్బ చిన్నదే కానీ, చూసినవాళ్ళు ఎక్కువ. భర్త ప్రసన్నకుమార్ కోప్పడలేదు. "పోనీలే ఉదయా, నేనున్నానుగా," అన్నాడు. ఆయన నాలుగు చీవాట్లు పెట్టుంటే మర్నాడే పంతం కొద్దీ స్టీరింగు పట్టుకునేది. ఆ మెత్తని మాట విన్నాక మాత్రం తాళంచెవి జోలికి వెళ్ళలేదు.

అబద్ధాన్ని కప్పిపుచ్చుకోవడానికి కాబోలు, ప్రయాణం ప్లాను మీద విరుచుకుపడింది. మొదటి రోజు రాజమండ్రి, రెండో రోజు మారేడుమిల్లి, తర్వాత అరకు, వైజాగ్, రెండు రోజుల్లో తిరుగు ప్రయాణం. ప్రతి మజిలీకీ టైము వేసింది.

స్వరూప ఆ కాగితం అందుకుని చదివి కళ్ళు పెద్దవి చేసింది. "గిదేంది అక్కా? తొమ్మిది నలభైకి టీ, పదిహేను నిమిషాలు! టీ సుత పరీక్ష రాసినట్టు తాగాల్నా?"

"లేకపోతే రోజంతా నీ కబుర్లతో దాబాలోనే కూర్చుంటాం."

"కూసుంటే ఏమైతది?"

బయల్దేరే రోజు దగ్గర పడేకొద్దీ ఉదయలక్ష్మికి అన్నం సయించకుండా పోయింది. మధ్యాహ్నం పూట సెల్లార్లోకి దిగి, కార్లో కూర్చుని, ఇంజన్ ఆన్ చేసి ఆపేసి వచ్చేది. కొడుకు గౌతమ్ ఒకరోజు చూసేశాడు. "ఏసీ కోసమా అమ్మా? ఇంట్లో ఉందిగా," అని నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు.

ఆ వారమే మృదుల అంది: "సోమవారం కదా ప్రయాణం. శనివారం పొద్దున్నే బాటసింగారం మార్కెట్ దాకా పోయొద్దాం అక్కా. దారిల తినడానికి మామిడిపండ్లు తెచ్చుకోవచ్చు, కారు కండిషన్ కూడా చూసినట్టుంటది."

వద్దనడానికి సాకు దొరకలేదు.

శనివారం కొత్తపేట దాటేలోపే కారు రెండుసార్లు ఆగిపోయింది. ఎల్బీనగర్ చౌరస్తాలో మూడోసారి ఆగితే, వెనకున్న బస్సు హారన్ ఆగకుండా మోగింది. ముందు సీట్లో స్వరూప రోడ్డు వంకే చూస్తూ కూర్చుంది. హయత్‌నగర్ దాటాక ఒక లారీ పక్క నుంచి రయ్యిన దూసుకుపోయింది. ఉదయలక్ష్మి కారును ఎడమ పక్కకు తీసి, టీ బండి ముందు ఆపేసింది.

"నాకు రాదే," అంది. "నాలుగేళ్ళుగా ముట్టుకోలేదు. మీకు అబద్ధం చెప్పాను."

స్వరూప చీర కొంగు సర్దుకుంది.

"నేను సుత ఒకటి దాచిపెట్టిన," అంది. "నాకు బండొస్తది."

"ఏ బండి?" అంది మృదుల.

"మా డీసీఎం వ్యాను. మా ఇంటాయన బిక్షమయ్యకు కాలు ఇరిగిన ఏడు, సీజనంత మామిడికాయలు నేనే ఏసుకొచ్చిన. గీ రోడ్డు మీదికెళ్ళే. లైసెన్సు సుత ఉన్నది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" ఉదయలక్ష్మి గొంతు పెరిగింది.

"ఎట్ల చెప్పాలె? నేను నడుపుతానని గంత సంబరంగ అంటివి. కారు నీది, సంబరం నీది. నడుమల నేనెందుకని ఊకున్న."

ముందు మృదుల నవ్వింది. తర్వాత ముగ్గురూ నవ్వారు. టీ బండి ఆయన వంగి కార్లోకి చూసి, అడక్కుండానే మూడు టీలు పట్టుకొచ్చాడు.

టీ తాగాక సీటు మారదామని ఉదయలక్ష్మి దిగబోయింది. స్వరూప ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"దిగకు. ఎంత దూరమున్నదని? నువ్వే తోలు, నేను చెప్త. క్లచ్ మీదికెళ్ళి కాలు మెల్లగ తియ్యి, నిద్రవోయిన పిల్లను పండవెట్టినట్టు. ఎనకాల హారన్ కొడ్తే కొట్టనియ్యి. వాని హారన్, వాని చెయ్యి. నీకేంది పరేషాన్?"

కారు కదిలింది. రెండో గేరు, మూడో గేరు. పక్కనుంచి లారీలు పోతూనే ఉన్నాయి. అబ్దుల్లాపూర్‌మెట్ దాటేసరికి ఉదయలక్ష్మి భుజాలు కిందికి దిగాయి. బాటసింగారంలో మామిడి లారీల వరుస పక్కన కారు పెట్టి దిగగానే, పండ్ల వాసన గుప్పున కొట్టింది. బుట్టల మీద కూర్చున్న హమాలీ ఒకాయన చెయ్యి ఊపాడు.

"స్వరూపక్కా! ఏంది, బండి చిన్నగైంది?"

"నాది కాదు! తోలింది సుత నేను కాదు," అని అరిచింది స్వరూప. "మా అక్క తోలుకొచ్చింది."

ఆ మాటకు ఉదయలక్ష్మి మొహం కడిగినట్టు తేటపడింది.

ఇంటికెళ్ళి భర్తకు జరిగిందంతా చెప్పింది. "సగం దారి స్వరూప, సగం నేను నడుపుతామండీ," అంది.

ప్రసన్నకుమార్ చేతిలో పేపరు పక్కన పెట్టాడు. "ఎల్బీనగర్ చౌరస్తా దాటావా?"

"ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసి దాటాను."

ఆయన చెప్పులేసుకుని కిందికి దిగాడు, టైర్లలో గాలి చూడ్డానికి.

సోమవారం తెల్లవారగానే బయల్దేరారు. డిక్కీ నిండా మామిడిపండ్లు, పులిహోర డబ్బాలు, సకినాలు, మృదుల తెచ్చిన మందుల సంచి. మొదట స్టీరింగు దగ్గర ఉదయలక్ష్మే కూర్చుంది. చిట్యాలలో సీట్లు మారదామంది స్వరూప.

"ఇంకొంచెం దూరం," అంది ఉదయలక్ష్మి.

నకిరేకల్ దగ్గరా అదే మాట అంది. చివరికి సూర్యాపేటలో మృదుల ఆకలంటూ వెనక సీట్లోంచి గోల చేస్తే గానీ కారు ఆపలేదు.