రచన: బ్రదర్ శాంతిరాజ్

సుసన్నా చారుకు పోపు పెడుతుంటే మొగుడు శాంతిరాజ్ వంటింటి గడపలో నిలబడి, చర్చి వెబ్‌సైటులో తన పాట కింద గోలేటి నుంచి ఎవరో నాలుగు మాటలు రాశారని చెప్పాడు. "నా పాటకు" అన్నాడు. ఎంత హాయిగా అన్నాడో! ఇక్కడ పోపు మాడిపోయింది.

ఆ పాట సుసన్నాది. బొగ్గుగనిలో షిఫ్టు దిగే వేళ దాటినా మనిషి ఇంటికి రాకపోతే, అన్నం దించి వాకిట్లో నిలబడి, లోపల్లోపల దేవుణ్ణి బతిమాలుకుంటూ అల్లుకున్న పాట. గోదావరిఖని క్వార్టర్లలో ఆ ఎదురుచూపు తెలియని ఆడది ఉండదు.

నిజానికి వెబ్‌సైటు నడుస్తున్నదే ఆమె చేతి మీద. పెళ్ళికి ముందు నేర్చుకున్న టైపు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది. శనివారం శనివారం చర్చి వెనక గదిలో, ఉన్న ఒక్క కంప్యూటరు ముందు స్త్రీల సమాజం వాళ్ళను కూర్చోబెట్టి తెలుగు టైపు చెయ్యడం, ఫొటోలు ఎక్కించడం నేర్పుతోంది. బడిలో పాఠాలు చెప్పే శాలిని మొదలు, మౌసు ముట్టుకోవడానికే బెదిరిన ముసలి సారవ్వ దాకా అందరూ ఆమె శిష్యులే. చర్చి కమిటీలో పేరు మాత్రం శాంతిరాజ్‌ది. సంఘం రిజిస్టరులో కుటుంబం ఇంటిపెద్ద పేరున ఉంటుంది గనుక, వెబ్‌సైటులోనూ ఇంటికొక్క పేరు చాలన్నారు పెద్దలు. అట్లా దేవుడు చేసిన మేలు గురించి సారవ్వ చెప్పుకున్న సాక్ష్యం కొడుకు పేరున, శాలిని వ్యాసం భర్త పేరున, సుసన్నా పాట శాంతిరాజ్ పేరున ఎక్కాయి. అప్పుడొకసారి ఆమె నోరు తెరిస్తే, నీది నాది అని ఏంది, అంతా దేవుని మహిమకే గదా అన్నాడు మొగుడు. మహిమ దేవుడిదైతే మధ్యలో నీ పేరెందుకయ్యా అని అడగాల్సింది. అడగలేదు.

అన్నం పెట్టి, గిన్నెలు కడిగి, చర్చి గదికి వెళ్ళి చూసింది.

"అన్నా, మా ఆయన గనిల ఉన్నంతసేపు నా పానం వాకిట్లనే ఉంటది. ఎవలకు చెప్పుకోలే. ఈ ఎదురుచూసుడు మొగోళ్ళైన మీకెట్ల ఎరుకైంది? మీ చెల్లె, సారిక."

సుసన్నాకు దుఃఖం తన్నుకొచ్చింది. పేరు పోయినందుకు కాదు. ఆ గోలేటి పిల్ల పక్కన కూర్చుని, నాక్కూడా అంతే చెల్లే అని చెయ్యి పట్టుకోవాలని ప్రాణం కొట్టుకుంది. పెళ్ళైనప్పటి నుంచి ఈ మాట అడిగినవాళ్ళు లేరు. ఇన్నాళ్ళకు ఒకతె అడిగింది, అదీ తన మొగుణ్ణి.

శనివారం శాంతిరాజ్‌కు డ్యూటీ లేదు. గదిలోకి వచ్చి, కుర్చీ లాక్కుని, అందరూ వింటుండగా, "గా గోలేటి ఆమెకు జవాబు రాయి. దేవుడే నాకు బయలుపరిచిండని రాయి" అన్నాడు.

సుసన్నా వేళ్ళు ఆగిపోయాయి. ఆ ఒక్క ముక్క రాస్తే ఆ పిల్ల తనకు ఇక ఎప్పటికీ దొరకదు. ఇన్నేళ్ళూ కూరలో ఉప్పెక్కువైందన్నా, పిల్లలకు మార్కులు తగ్గాయన్నా తనదే తప్పని తలొంచుకుంది. ఇది మాత్రం ఆమెకు చేతకాలేదు.

లేచి, తన కుర్చీలో శాలినిని కూర్చోబెట్టింది.

"ఏంది సుసన్నా?" అన్నాడు శాంతిరాజ్ మెల్లగా.

ఆమె అటు తిరగలేదు.

"శాలినీ, ఆ పాట తెరువు. రాసినోళ్ళ పేరు ఎట్ల మార్చాలెనో ఇయ్యాల నేర్చుకుందాం. ముందుగాల నాది. తర్వాత వరుసగ మీయి."