నిమిషానికి పదకొండు మాటలు

ట్యాబ్‌లు వచ్చిన మూడోవారంలో ఐదో తరగతి పిల్లలందరికీ చదివే పరీక్ష పెట్టారు. తెర మీద ఒక పేరా కనిపిస్తుంది. దాన్ని గట్టిగా చదవాలి. నిమిషం కాగానే ఎన్ని మాటలు సరిగా చదివారో ట్యాబే లెక్కగట్టి పేరు పక్కన రంగు వేస్తుంది. నలభై దాటితే పచ్చ, లేకపోతే ఎరుపు.

దర్జీ కూతురికి పదకొండు వచ్చాయి.

టీచరమ్మ ఆ అంకెను నమ్మలేకపోయింది. తరగతి బీరువాలో ఉన్న కథల పుస్తకాలన్నీ చదివేసింది ఆ పిల్ల ఒక్కతే. చదివి ఊరుకోదు, "టీ... టీచర్, ఈ రాజుకి బు... బుద్ధి లేదు" అని తీర్పు కూడా చెబుతుంది. నత్తి. మాట మొదట్లో ఆగుతుంది, ఆ తర్వాత జారుతుంది. పిల్లలు 'నిదానం' అని పేరు పెట్టారు, ఆ పేరుకి తనూ పలుకుతుంది. ట్యాబ్‌కి మాత్రం ఆగిన ప్రతిచోటా తప్పే.

ఎరుపు వచ్చినవాళ్లకి చివరి పీరియడ్‌లో ఒకటో తరగతి పాఠాలు. మిగతావాళ్లు బీరువా దగ్గర తోసుకుంటుంటే, నిదానం గోడవైపు తిరిగి కూర్చుని తెర మీద 'అ' ఎక్కడుందో వేలితో నొక్కాలి. నొక్కగానే ట్యాబ్‌లోంచి చప్పట్లు.

టీచరమ్మ ఫ్యాను ఆపించి, కిటికీలు మూయించి మళ్లీ పరీక్ష పెట్టింది. ఈసారి తొమ్మిది. ఒళ్లు మండి ట్యాబ్‌ల సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది.

"పాపని ఇంకొంచెం స్పష్టంగా చదవమనండి మేడం" అంది అవతలి గొంతు.

"స్పష్టంగానే చదువుతుందమ్మా. టైమ్ పడుతుంది, అంతే."

"అలాంటి ఆప్షన్ లేదు మేడం."

సాయంత్రానికల్లా 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజి వచ్చింది.

హెడ్మాస్టరు గారి బాధ వేరు. "ఆ ఎరుపుల వల్లే మన బడి నాణ్యత స్కోరు పడిపోతోందమ్మా. శుక్రవారం లోపు ఏదో ఒకటి చెయ్యండి. ఏం చేశారో మాత్రం నాకు చెప్పకండి" అన్నారు.

గురువారం టీచరమ్మ ఆ పిల్లని ఆటసామాన్ల గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. పిల్ల మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. "చ... చ..." మెడ నరాలు ఉబ్బుతున్నాయి, తెర మీద సెకన్లు పరుగెడుతున్నాయి. టీచరమ్మ చూడలేకపోయింది. 'మళ్లీ మొదలు' నొక్కి, గొంతు సన్నం చేసుకుని పేరా అంతా తనే గడగడా చదివేసింది. యాభై ఎనిమిది. తెర నిండా రంగుల కాగితాలు రాలాయి. 'శభాష్!'

"పద తల్లీ, రేపట్నుంచి నీ పుస్తకాలు నీవే" అంది. పిల్ల ఏమీ అనలేదు. సంతోషంతో నోట మాట రాలేదనుకుంది టీచరమ్మ.

మర్నాడు పొద్దున్నే పిల్ల తల్లి, ఆ దర్జీ, బడికి వచ్చింది. మెడలో కొలత టేపు తీయడం కూడా మరిచిపోయినట్టుంది.

"నిన్నట్నుంచి నోరు విప్పలేదండీ. అన్నం కావాలన్నా సైగలే. ఏమైందే అని పట్టుబడితే ఇది రాసింది" అని నోటుపుస్తకం చూపించింది.

'నా గొంతు టీచర్‌కి కూడా వద్దు' అని ఉంది.

టీచరమ్మ దాచకుండా జరిగిందంతా చెప్పింది. దర్జీ కేకలేస్తుందనుకుంది. ఆమె తల వంచుకుని టేపు చుట్టుకుంటూ, "మంచికే చేసుంటారు లెండి. కానీ ఎవరు వెక్కిరించినా, మా టీచర్ చివరిదాకా వింటారులే అనేది, పిచ్చిది" అంది.

ఆ రోజే టీచరమ్మ పిల్ల ముందు కూర్చుని, "తప్పు నాదమ్మా" అంది. తర్వాత తను చేసింది చేసినట్టు నాణ్యత విభాగానికి ఉత్తరం రాసింది. హెడ్మాస్టరు గారు తల పట్టుకున్నారు. "చెప్పకండి అన్నాను కదమ్మా!"

మంగళవారం అధికారి వచ్చాడు. కుర్చీలో కూర్చుంటూనే, "దీన్ని డేటా తారుమారు అంటారు మేడం" అన్నాడు.

"అవునండీ. రాసుకోండి. ముందు ఆ పిల్ల చదివేది వినండి."

ఇంకా అట్ట కూడా మడవని కొత్త పుస్తకం ఇచ్చింది. పిల్ల తల అడ్డంగా ఊపింది. టీచరమ్మ బతిమాలలేదు, పక్కన కూర్చుంది. చాలాసేపటికి గొంతు లేచింది. ఒక్క పేజీకి ఆరు నిమిషాలు. మొదట్లో అధికారి రెండుసార్లు వాచీ చూసుకున్నాడు, తర్వాత ముందుకు వంగాడు.

"పడవవాడు ఎందుకు వెనక్కి వెళ్లిపోయాడమ్మా?"

"భ... భయమేసింది. చె... చెప్పడానికి సిగ్గు. అది పుస్తకంలో లేదు, నే... నేనే అనుకున్నా."

అధికారికి నవ్వు వచ్చింది. ట్యాబ్ తీసి పైకీ కిందికీ జరిపాడు. కాసేపటికి నవ్వు పోయింది. "ఎక్కడ రాయాలో తెలియట్లేదు మేడం. 'ఇతర వివరాలు' అని ఒకటి ఉండేది. మొన్న అప్‌డేట్‌లో తీసేశారు."

పదిహేను రోజులకి టీచరమ్మకి సంజాయిషీ నోటీసు వచ్చింది. పిల్ల పేరు పక్కన మళ్లీ మొదటి పరీక్షలో వచ్చిన పదకొండే, మళ్లీ ఎరుపు. అధికారి విడిగా కాగితం మీద రాసి పంపిన సిఫారసు 'పరిశీలనలో ఉంది'. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

టీచరమ్మ ఆ పిల్లని ఎరుపు పాఠాలకి పంపడం మానేసింది. దాంతో రోజూ నాలుగింటికి ఫోన్ మోగేది: 'ఒక విద్యార్థి హాజరు కాలేదు.' పళ్లు కొరుక్కుంటూ దాన్ని పక్కకి తోసేది. రెండుసార్లు ఆఫీసుకి పిలిపించుకుని ఎందుకు పంపట్లేదని అడిగితే, రెండుసార్లూ 'ఆ పాఠాలు ఆ పిల్లకి అక్కర్లేదు' అని చెప్పి వచ్చింది. నిదానం మళ్లీ మాట్లాడసాగింది, కానీ ట్యాబ్ ఉన్న గదిలో మాత్రం చదివేది కాదు.

సంవత్సరం చివర ఆ పిల్ల గురించి రెండు పేజీలు రాసి ఆరో తరగతి మాస్టారి చేతికిచ్చింది టీచరమ్మ.

"ఇది ట్యాబ్‌లో ఎక్కించడానికి చోటు లేదు కదండీ" అన్నాడాయన.

"ఎక్కించొద్దు మాస్టారూ, చదవండి."

ఆయన నిలబడే నాలుగు పంక్తులు చదివాడు. అంతలో గంట కొట్టారు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, "తర్వాత చూస్తాలెండి" అంటూ తరగతికి వెళ్లిపోయాడు.